పదిహేడో నంబరు

గ్రిమ్స్‌బీ శనివారం సంతలో, కాడ్ చేపల బల్ల పక్కన
నలభై పెన్నీలకు కొన్నాను దాన్ని.
అట్ట మీద కెప్టెన్ ఇడ్రా, వెనకాల రెండు చంద్రుళ్ళు,
మూలన ఎవరిదో టీకప్పు మరక, మూడో చంద్రుడు.

కెస్ట్రెల్ స్టేషన్, పదిహేడు.
టీవీలో రానిది. ఎప్పటికీ రాబోనిది.
ఎవరో పెల్‌హామ్ అట, ఆరు వారాల్లో రాసిచ్చి
గుత్త డబ్బు పుచ్చుకుని పోయుంటాడు.

పాపం, ఇలాంటి నవల రాయడమంటే
అద్దింట్లో కాపురం.
గోడకి మేకు కొట్టకూడదు.
ఎవర్నీ చంపకూడదు, ఎవరికీ పెళ్ళి చెయ్యకూడదు,
ఆఖరి పేజీకల్లా కుర్చీలన్నీ
ఎక్కడివక్కడ సర్ది, తాళంచెవి
ఇంటివాళ్ళ చేతిలో పెట్టి పోవాలి.
మళ్ళీ మంగళవారం ఏడున్నరకి
ఏమీ జరగనట్టే ఓడ కదలాలి కదా.

ఆయనకి చూపించినవి నలుపు తెలుపు ఫొటోలనుకుంటా.
ఇడ్రా కళ్ళు ఆకుపచ్చవని రాశాడు.
గోధుమరంగువని పసిపిల్లలకీ తెలుసు!
నలభై మూడో పేజీ. పగలబడి నవ్వాను.
రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు.
ఎవరి కళ్ళో గుర్తుంచుకుని రాసుంటాడు.

అయినా మేకు కొట్టాడు.
ఒక్కటే. బీరువా వెనకాల, ఇంటివాళ్ళ కంటబడని చోట.

టెంచ్ గుర్తున్నాడా? ఉండడు.
నాలుగు భాగాల్లో కనిపిస్తాడు, ఒకటే మాట:
"తలుపు మూశాను, కెప్టెన్."
పెల్‌హామ్ అతనికి పద్నాలుగు పేజీలిచ్చాడు.
వర్డా చంద్రుడి మీద ఒక చెల్లెలినిచ్చాడు,
జీతంలో సగం ఆమెకే.
ఎడమ దవడలో నొప్పినిచ్చాడు.
టెంచ్‌కి చీకటంటే భయం.
అది దాచుకోడానికే అంతరిక్షంలో ఉద్యోగం,
అందరికీ ఒకటే చీకటి కాబట్టి.
డ్యూటీ దిగాక, మూసిన తలుపు దగ్గరికే మళ్ళీ వచ్చి
చెయ్యి ఆనించి చూసుకుంటాడు.

నాకప్పుడు చేపల కోల్డ్ స్టోరేజీలో రాత్రి షిఫ్టు.
మైనస్ ఇరవై తొమ్మిది.
ఆఖరున తలుపు మూసేది నేనే.
"మూశాను, మిస్టర్ ఆక్లండ్," అనేదాన్ని.
బస్టాపు దాకా నడిచి
ఎన్నిసార్లు వెనక్కి పరిగెత్తానో
మా ఆయనకి కూడా చెప్పలేదు.
పెల్‌హామ్‌కి ఎవరు చెప్పారు?

ఐవర్ థాక్రే ఒప్పుకోడు.
ముప్ఫయ్యేళ్ళుగా గురువారం గురువారం
చిప్స్ మీద వెనిగర్ పోసుకుంటూ అదే పోట్లాట.
ఆయన దగ్గరో నోటుపుస్తకం:
ఏ ఏట ఏ యుద్ధం, ఏ గ్రహం ఎప్పుడు పేలింది,
అంతా ఎర్రసిరాతో.
"పదిహేడు లెక్కలోకి రాదు, బెరిల్.
కొత్త సినిమాలో టెంచ్‌కి చెల్లెలే లేదు.
పైగా ఆ కళ్ళొకటి!"
కంపెనీ వాళ్ళదీ అదే మాట:
పాత నవలల్లో జరిగినవేవీ జరగలేదు.
ఒళ్ళు మండింది నాకు.
జరగకపోతే ఆ బస్టాపులో
చేపవాసన చేతులతో కళ్ళు తుడుచుకున్నదెవరు?

మొన్న మార్చిలో ఐవర్‌కి శుక్లాల ఆపరేషన్.
కంటికి కట్టు. చదవకూడదు, వంగకూడదు,
ముసలి గద్దలా సోఫాలో ముడుచుకున్నాడు.
ఏం చదవమంటావు, అన్నాను. గోడ నిండా పుస్తకాలే.
"లెక్కలో ఉన్నవన్నీ నాకు నోటికొచ్చు."
గొంతు సవరించుకున్నాడు.
"లెక్కలో లేనిదేదైనా…"

సంచీలోంచి తీశాను.
అడక్కముందే తెచ్చానని పోల్చుకున్నాడో లేదో.
నలభై మూడో పేజీ రానే వచ్చింది.
ఆకుపచ్చ కళ్ళు, అని చదివాను, కాస్త గట్టిగానే.
కిక్కురుమనలేదు.
టెంచ్ దగ్గరికొచ్చేసరికి టీ చల్లారిపోయింది,
ఇద్దరం ముట్టుకోలేదు.

పద్నాలుగు పేజీలూ అయ్యాక కోటు తొడుక్కుంటుంటే
వెనకనుంచి గొంతు:
"తలుపు…"
"మూస్తాలే," అన్నాను.

వీధి మలుపు దాకా వెళ్ళి,
వెనక్కొచ్చి,
చెయ్యి ఆనించి చూశాను.