మూడో గేరు

సీపీయూ డొక్క మీద బెత్తెడెత్తున
బుడమేరు గీసిన గీత ఇంకా ఉంది.
దాన్ని హాల్లో టీవీ పక్కన పెట్టి
కెజియా పెన్‌డ్రైవ్ గుచ్చింది.

పాత విండోస్ పోయినేడే మొరాయించింది:
ఈ మిషను పనికిరాదు, కొత్తది కొనుక్కోమని.
ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా
చచ్చిన లారీలను లేపుతున్నవాణ్ణి,
నాకా ఆ మాట!

"ఇది లినక్స్ నాన్నా, ఆటల కోసమే కట్టింది.
పైసా అడగదు."
ఊరికే వచ్చేదంటే నాకు అనుమానం,
ఎక్కడో ఓ బోల్టు వదులుగా ఉంటుంది.

తెర అడిగింది:
డిస్కులో ఉన్నదంతా చెరిపేయాలా?
అమ్మాయి నా వైపు చూసింది.
ఏముందందులో,
షెడ్డు బిల్లులు కొన్ని,
చర్చిలో సలోమి పాడిన క్రిస్మస్ పాట ఒకటి.
పాట ఫోన్లోకి ఎక్కాకే
ఊఁ అన్నాను.

అరవై మూడు శాతం దగ్గర
సలోమి మిక్సీ వేసింది.
ఫ్యూజు ఎగిరింది.
మళ్లీ మొదట్నుంచి.
ఈసారి పచ్చడి రోట్లో.

పదకొండు దాటాక
సింగ్ నగర్ ఉక్కలో, మా హాలు నిండా
మంచు కప్పిన రోడ్డు.
రెండు పుల్లలున్న రిమోటు నా చేతిలో పెట్టి
"తోలు నాన్నా" అంది.

ఏ దేశమో తెలీదు.
ఎదురుగా పురుగు లేదు.
కళ్లు మూసుకుని వింటున్నాను.
"మూడో గేర్లో టాపెట్లు కొట్టుకుంటున్నాయే,
ఎవడు కట్టాడీ బండి?"

ఆ మాట అంటుండగానే లారీ
మంచు గుంటలో దిగబడింది.
కెజియా పొట్ట పట్టుకుని నవ్వుతోంది.
నేనింకా
చెవి టీవీకి ఆనించే ఉన్నాను.