పేరు: లేదు

అర్వాయిఖేర్ రిజిస్ట్రీ ఆఫీసులో
గొర్రెతోలు కోటు విప్పకుండానే కూచుందామె.
పేరు? అన్నాను.
నెర్‌గుయ్.
మా మంగోల్ భాషలో, పేరు లేదు అని.

ముందు పుట్టిన ముగ్గురికీ
ముద్దొచ్చే పేర్లే పెట్టారట.
ముత్యమని, వేకువని,
సొలొంగో, అంటే ఇంద్రధనుస్సని.
చావు గుడారం బయట నిలబడి
పేరుపేరునా పిలుచుకుపోయింది.
నాలుగో కాన్పుకి వాళ్ళమ్మ
పసిదాని నుదుట మసి పూసి
ఇక్కడెవరూ లేరు పొమ్మంది.
డెబ్బై ఏళ్ళు బతికింది ఆ అబద్ధం.

ఇప్పుడు సర్కారుకి ఇంటిపేరు కావాలి.
ఒకప్పుడు చెరిపేసిందీ సర్కారే, అది వేరే సంగతి.
పొద్దుట్నుంచి వచ్చినవాళ్ళంతా
ఖానుగారి వంశమే రాయించుకుపోయారు.
నేనూ అంతే, దాచడమెందుకు.

ఆమె చాలాసేపు గోళ్ళు చూసుకుంది.
"సొలొంగో అని రాయి.
నడక రాకముందే పోయింది అక్క.
ఇన్నాళ్ళకి ఇంటికి పెద్దదవుతుంది."

ఇంటిపేరు ఇంద్రధనుస్సు. పేరు లేదు.
పేరు పెట్టడానికీ ఏమీ లేదు.
సిరా ఆరేదాకా ఊది
పైకి చదివి వినిపించబోతే
నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది,
మెల్లగా, అమ్మాయ్, మెల్లగా.