లేసు ఎంత కొయ్యాలి

గుణుపురంలో కరెంటు పోయిన సాయంత్రం
మిషను మీంచి కాళ్లు తీసి కూర్చున్నాను.
సుభద్ర తన ఒడియా లెక్కల పుస్తకం
నా ఒళ్లో పడేసింది.
"పరిసీమా అంటే ఏటమ్మా?"
చుట్టుకొలత, అన్నాను.
రెండు మాటలూ దానికి ఒకే బరువు.

ఎనిమిదీ అయిదూ వేసిన బొమ్మ కింద
నలభై అని రాసుంది, పెన్సిలు విరిగేలా నొక్కి.
పాణిగ్రాహి మాస్టారు ఎర్రగా కొట్టేరు.
ఎందుకు తప్పో ఎర్ర సిరా చెప్పలేదు.

సూత్రం నాకూ వచ్చు. చెబితే అప్పజెప్పేస్తాది,
రేపు మళ్లీ గుణించేస్తాది.
కుట్టి పక్కనుంచిన దిండు గలీబు తీసి పరిచాను.
ఎనిమిది బెత్తలు పొడుగు, అయిదు అడ్డం.
"దీని చుట్టూ లేసు కుట్టాల. ఎంత కొయ్యమంటావు?"

పిల్ల వేలు అంచు మీద నడిచింది.
మూల దగ్గర ఆగి, తిరిగి,
మళ్లీ ఆగి,
బయల్దేరిన చోటికి చేరేసరికి
పెదాలు కూడికలో ఉన్నాయి.
"ఇరవయ్యారు."
కాసేపాగి, "మరి నలభై?"
గలీబు మీద అరచెయ్యి ఆనించాను.
"ఇదిగో, తల పెట్టుకునే చోటు."

అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు.
అదే కొలత కాగితం తీసి
ఓ మూల నలుచదరంగా కత్తిరించేశాను.
"ఇప్పుడో?"
"తగ్గుద్ది," అంది, కిందపడ్డ ముక్క చూసి.
వేలు మళ్లీ బయల్దేరింది.
లోపలికి దిగింది, పక్కకి జరిగింది, బయటకొచ్చింది.
ఇరవయ్యారు.
ఇంకోసారి. ఇరవయ్యారే.
కత్తెర కేసి అనుమానంగా చూసింది.

అప్పుడు తట్టింది నాకు.
పంపు షెడ్డుకని మా మడి మూల ముక్క తీసుకున్న ఏడు
తీగ చుట్టలు అన్నే పట్టాయి.
తూకంలో మోసమని మా ఆయన
కొట్టువాడితో కొట్లాటకెళ్లొచ్చాడు.
మోసం ఎవరూ చెయ్యలేదు.
ధాన్యం తగ్గింది, కంచె తగ్గలేదు.
ఏడో తరగతి ఆపేసిన ఇన్నేళ్లకి
ఆ లెక్క నాకీ పూట సరిపోయింది.

కరెంటొచ్చింది. రేపటికి ఇవ్వాల్సిన జాకెట్లు మూడున్నాయి.
సుభద్ర నా చేతిలోంచి కత్తెర లాక్కుంది.
"మూల కాదమ్మా, అంచు నడిమి కొరికితే?"

తెలీదు, అన్నాను.
నిజంగానే తెలీదు.
కొరికింది.
ఇద్దరం చెరో వేలూ అంచు మీద పెట్టాం.