కింది బొంత

చలి పైనుంచి రాదు.
ఈ ముక్క తెలియడానికి నాకు
గండికోటలో రెండు రాత్రులు పట్టింది.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో, క్రషర్ పక్కన నా పని.
అక్కడ నేల ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది.
ఇంటికొచ్చి మంచమెక్కినా
వెన్నులోంచి ఆ వణుకు దిగదు.
అందుకని సెలవు దొరికిన రోజు
పెన్న లోయ అంచున, రెండు కానుగ చెట్ల నడుమ
గుడ్డ ఉయ్యాల కట్టుకుని
నేలకు మూడడుగుల పైన
ఏ యంత్రానికీ అందకుండా వేలాడతాను.

మొదటి రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నా.
పుష్యమాసపు లోయగాలి కిందినుంచి వచ్చి
వీపంతా తడిమి చూసింది,
సంతలో ఎద్దును తడిమే బేరగాడిలా.
రెండో రాత్రి వాటినే కింద పరుచుకున్నా.
నా బరువుకు అవి అప్పడాలైపోయాయి.

ఉయ్యాల కింద కట్టే బొంతలు రెడీమేడ్‌గా ఉంటాయట.
ఫోనులో చూస్తే పన్నెండు వేలు. లోపల బాతు ఈకలు.
"ఆ దుడ్లకు బాతులే వస్తాయి కదప్పా, మంద మంద"
అంది మా ఓబుళమ్మ, చపాతీ తిప్పుతూ.

కారు అద్దానికి అడ్డంపెట్టే వెండి రేకు కొన్నా, నూట ఎనభై.
పక్కకు తిరిగినప్పుడల్లా అది గొణిగింది.
తెల్లారేసరికి నా చెమటే చల్లబడి నన్ను కరిచింది.
ముద్దనూరు దారిలో ఒక గొర్రెల కాపరి దగ్గర కంబళి బేరమాడా.
వెచ్చదనంలో దానికి తిరుగులేదు.
కానీ దాన్ని కడితే ఉయ్యాల రాయికి ఆనింది.
పైగా కాపరి కుక్క, ఆ వాసన తనదేనని
మైలు దూరం నా వెంటే నడిచింది.
తిరిగిచ్చేశా.

జమ్మలమడుగులో, పాత బస్టాండు వెనక సందులో
బొంతలు కుట్టే దూదేకుల ఉసేనమ్మ
నా కథంతా విని, సూది నోట్లో పెట్టుకునే నవ్వింది.
"దూది ఎచ్చగుండదు నాయనా.
దూదిలో నిలబడిన గాలి ఎచ్చగుంటాది.
నువ్వు దానిమీద పండుకుంటే
గాలి యాడ నిలబడల్ల?"

ఇరవై మూడేళ్ళుగా గాలిని నలగ్గొట్టే చోట పనిచేస్తున్నా,
ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

"పత్తి వద్దు. మంచు తాగుతాది, బరువెక్కుతాది.
బూరుగు దూది పెడతా. అది తాగదు."
పైగుడ్డకు గొడుగులు బాగుచేసే మౌలాలి దగ్గర
కాడలు విరిగిన తొమ్మిది గొడుగుల నల్లగుడ్డ తెప్పించింది.
రెండు కొసలా లాగి కట్టడానికి సైకిలు ట్యూబు పట్టీలు.
"నీ వీపుకు తాకీ తాకనట్టు ఉండల్ల.
బిగిస్తే నలుగుతాది, వదిలితే గాలి దూరుతాది.
మధ్యలో యాడుందో నువ్వే ఎతుక్కో."
మొత్తం ఏడొందల యాభై. యాభై తగ్గించమన్నా.
తగ్గించలేదు. దారం మాత్రం ఇంకో వరస వేసింది.

ఆ శనివారం రాత్రి
ఎన్నో వానలు చూసిన నల్లగుడ్డ నా కింద వేలాడింది,
నిండు చూలాలి కడుపులా.
గాలి వచ్చింది, తడిమింది, వెనుదిరిగింది.
కింద పెన్న ఎక్కడో సన్నగా రాళ్ళతో మాట్లాడుతోంది.
వెన్నులో ఏదో ఆగింది.
అది క్రషరని గుర్తుపట్టేలోపే నిద్రపోయా.

నాలుగ్గంటలకు మెలకువ.
ఎడమ భుజం కింద, అరచేయంత మేర, చలి.

సోమవారం డ్యూటీకి పోతూ బొంత తీసుకెళ్ళి చెప్పా.
ఉసేనమ్మ కుట్లమీద వేళ్ళు పోనిచ్చింది,
ఒకచోట ఆగింది, నాలుగు కుట్లు విప్పింది,
పిడికెడు బూరుగు కూరి మళ్ళీ కుట్టింది.
డబ్బులు తీయబోతే తలూపింది.
"ఆ పక్కకు ఒరిగి పండుకుంటావు నువ్వు" అంది,
"మీ ఇంటామెకు తెలిసే ఉంటాది."