బేరింగు చప్పుడు

నంద్యాల చెక్‌పోస్టు దాటినాక, టైర్ల కొట్టు పక్కన
మా నాయన దస్తగిరి మోటార్ల వైండింగు షాపు.
వార్నిష్ వాసన, రాగితీగ పోగులు,
కాలిన కాయిళ్లను ఉలితో కోసి పీకే చప్పుడు.
నా ఎక్కాల పుస్తకం నిండా గ్రీజు వేలిముద్రలు.

మోటారు తిరుగుతుండగా
పెద్ద స్క్రూడ్రైవరు మొన దాని ఒంటికి ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకు అదుముకొని
కళ్లు మూసుకునేవాడు.
అప్పుడు ఆయన్ని పలకరించకూడదు.
జేజి కూడా టీ గ్లాసు పట్టుకొని గుమ్మంలోనే ఆగేది.

"మీటరు కరెంటు సంగతే చెప్తాది పాపా.
అరిగింది యాడనో చెవే చెప్పాల.
మోటరు అబద్ధమాడదు. రైతు ఆడతాడు.
మూడు దినాలు లో-వోల్టేజీలో తోలి
'ఇప్పుడే ఆగిపాయ దస్తగిరీ' అంటాడు."

కర్నూలులోనే ఇప్పుడు నా బోర్డు:
డా. డి. మాబున్ని, గుండె వ్యాధుల నిపుణురాలు.
పెయింటరు మొదట 'నిపుణుడు' అని రాసేసి
కొస అక్షరాలు తర్వాత ఇరికించినాడు.
మంగళవారం ఆదోని, శుక్రవారం ఎమ్మిగనూరు,
తక్కిన దినాలు ఇక్కడ.
రాత్రిళ్లు, ఎవరికి నొప్పి వస్తే వాళ్లవి.

రెండుంపావుకు ఫోను మోగింది.
ఆలూరు అవతల నుంచి ఆటోలో ఆస్పరి దాకా,
ఆడనుంచి అంబులెన్సులో, ఉల్లిగడ్డల రైతు మద్దిలేటి.
చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.
"గ్యాసే మేడం. సోడా తాగినా."
ఎప్పట్నుంచి?
"ఇప్పుడే."
వెనక నిలబడిన భార్య
ఆయనకు కనపడకుండా మూడు వేళ్లు చూపింది.

సీసపు కోటు బరువు నడుముకు గుర్తుంటుంది,
తొడుక్కోకముందే.
మణికట్టు దగ్గర చిన్న గాటు. దాంట్లోంచి పైకి, భుజం మలుపు తిరిగి,
వెంట్రుక లావు తీగ.
తెర మీద మందు పారుతూ పోయి ఒకచోట ఠక్కున నిలిచింది.
తీగ రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి దాటింది.
బెలూను ఊదినాం. మొక్కుకునే తీరిక లేదు, లెక్కపెట్టినాను.
పారింది, కొసదాకా, నల్లగా.
మద్దిలేటి తల ఇటు తిప్పి
"లోడు మార్కెట్లో ఉండాది మేడం, ఇంకెంతసేపు?" అన్నాడు.

అందరికీ పారదు.
పోయిన వారం ఇదే బల్ల మీద నుంచి ఒకామె మళ్లీ లేవలేదు.
ఆమె హవాయి చెప్పులు ఇంకా బయట అరలోనే ఉన్నాయి.
తుడిచే ఎల్లమ్మ వాటిని పక్కకు జరిపి తుడిచి
మళ్లీ అక్కడే పెడుతుంది.
తీసెయ్యమని నేనూ చెప్పలేదు.

"ఎకో ఉండగా ఆ గొట్టమెందుకు మేడం?"
కొత్తగా చేరిన కుర్ర డాక్టరు నవ్వుతూ అడుగుతాడు.
సరైన జవాబు నా దగ్గర లేదు.
తెర కంటే ముందు చెవి పెట్టకపోతే
ఎవరో గుమ్మంలో టీతో నిలబడి
నన్ను చూస్తున్నట్టుంటుంది.

షాపు మూసి ఆరేళ్లు.
నలభై ఏళ్ల మోతకు నాయన ఎడమచెవి పోయింది, కుడిది సగం మిగిలింది.
మెట్లెక్కితే ఆయాసమని, అదీ అమ్మ చెప్తే,
నిన్న తీసుకొచ్చి పడుకోబెట్టి ఎకో చేసినాను.
ఏమొచ్చిందని అడగలేదు.
నా మెడలోంచి గొట్టం తనే తీసుకొని, చెవులకు పెట్టుకొని,
చల్లటి బిళ్లను తన రొమ్ముకు ఆనించుకొని
కళ్లు మూసుకున్నాడు.

ఆయన్ని పలకరించకూడదు.
బయట నలభైమంది టోకెన్లతో కూర్చోనుండారు.
ఫ్యాను తిరుగుతోంది.

"బేరింగు అరిగింది పాపా.
గ్రీజు పెడ్తే ఇంకో రెండు పంటలకు ఆడతాది."

ఎకో రిపోర్టు నా బల్ల సొరుగులో ఉంది.
ఆయన మాట తప్పని
అందులో యాడా రాసి లేదు.