తడి గడి

గౌస్ మామది ఎర్ర అట్ట పుస్తకం.
వచ్చే నెల ఏమేం చెక్కాలో అందులో రాసుకునేవాడు.
నాది బడిపిల్లల నోట్సు.
ఎవరు ఏం అడిగారో, డబ్బు పడిందో లేదో.
రెండూ ఒకే బల్ల మీద
మాటల్లేని తోడికోడళ్లలా పడుండేవి.

ఆయన పుస్తకంలో గరిటెలు నాలుగొందలు.
నా నోట్సులో గరిటె ఊసే లేదు,
అందరికీ దువ్వెనలే కావాలి.
అటక మీద గరిటెలు దుమ్ము కొట్టుకుపోతుంటే
దువ్వెన అందని పూణే ఆవిడ
మాకు ఒకే ఒక్క చుక్క వేసి,
ఉదయగిరి ఎక్కడుందో కూడా తెలీకుండా
ఉదయగిరిని తిట్టింది.

హజరత్తయ్య ఆత్మకూరు బస్సు దిగి వచ్చాడు,
లాప్‌టాప్ సంచీ వానకి తడవకుండా చొక్కాలో దోపుకుని.
రెండు పుస్తకాల్నీ ఒక్క తెర మీదికి ఎక్కించాడు.
"ఇంక ఆర్డరు పడిందంటే ప్లాను కదుల్తుందక్కా.
ప్లాను కదిల్తే కట్టె ఎంత కొనాలో అదే చెప్తుంది."
"మరి నేనేం చెప్పాలబ్బయా?" అన్నాడు మామ.
"నువ్వు టీ చెప్పు మామా."

ఒక్కో ఫోర్కుకి ఎన్ని నిమిషాలని అడిగాడు.
ఖాసింబీ పెద్దమ్మ ఆకురాయి ఆపి నవ్వింది.
"నర్దా, బిక్కా? పొద్దున పూటా, దీపాల వేళా?
నా కండ్లద్దాలు ఉన్నప్పుడా,
మనవడు దాచిపెట్టినప్పుడా?"
అతను కాసేపు పైకి చూసి
పదకొండు అని కొట్టాడు.

అబద్ధమెందుకు, బాగానే నడిచింది.
దువ్వెనలు దువ్వెనల వాళ్లకి చేరాయి.
అటక సగం ఖాళీ.
మొదటిసారి నాకు
అన్నం వేళకి అన్నం దొరికింది.

అప్పుడు పడింది బెంగుళూరు కొట్టు నుంచి:
స్పూన్లు ఆరొందలు, పన్నెండు రోజుల్లో.
తెర మీద చక్రం ఒక్క క్షణం తిరిగి
పచ్చగా వెలిగింది. ఇవ్వగలరు.
కిటికీలోంచి దుర్గం కొండ కనపడటం లేదు.
మూడు రోజులుగా ముసురు.
చూరు కింద పేర్చిన చెక్కలు
అంచుల దగ్గర నల్లబడుతున్నాయి.

పెద్దమ్మ ఒకటి తీసి చెంపకి ఆనించుకుంది.
"ఇది ఇంకా ఏడస్తానే ఉందే.
ఇప్పుడు చెక్కితే వాళ్లింటికి పోయి పగుల్తది,
మన పేరు మీద."
తెర ఇంకా పచ్చగానే ఉంది.
దానికి చెంప లేదు కదా.

హజరత్తయ్యకి ఫోన్ చేశా.
తడికి గడి ఏదన్నా ఉందా?
"లేదక్కా. కావాలంటే పెట్టుకోవచ్చు."
పెట్టుకున్నా. సున్నా నుంచి అయిదు దాకా.
అయిదు కొట్టగానే ఆరొందలు కాస్తా
నూటడెబ్బై అయి కూర్చున్నాయి.
పచ్చ పోయి పసుపొచ్చింది.
బెంగుళూరుకి ఉన్నదున్నట్టు రాశా.
ఆయన సగం రద్దు చేశాడు.
మిగతా సగానికి ఆగుతానన్నాడు.
మామ ఏమీ అనలేదు.
రెండు రోజులు టీ కూడా చెప్పలేదు.

మూడో రోజు ఎర్ర పుస్తకం తెచ్చి నా ముందు పడేశాడు.
ప్రతి కార్తీకం పేజీ అంచునా
పెన్సిలుతో గీసిన నీటిబొట్లు.
ఒకటి. రెండు. ఒక ఏడాది అయిదు.
బొట్లున్న చోటల్లా
పెద్ద అంకె కొట్టేసి చిన్న అంకె.
ఇన్నేళ్లూ అది ఈ బల్ల మీదే ఉంది,
నేనే తెరిచి చూడలేదు.
ఆయనా నా నోట్సు ఏనాడూ అడగలేదు.

రాత్రిళ్లు కూర్చుని ఎక్కిస్తున్నా,
ఇరవై రెండు కార్తీకాల బొట్లు.
ఒక పేజీలో ఉన్నది బొట్టో, టీ మరకో తెలీలేదు.
అడిగితే మామకీ గుర్తు లేదు.
రెండు అని వేశా.

పొద్దున్నే పెద్దమ్మ చెంపకి చెక్క ఆనించుకుని,
కళ్లు మూసుకుని,
"మూడు" అంటుంది.
నేను మూడు కొడతాను.
"ఆగాగు, మూడున్నర."
గడి అరలు తీసుకోదు.
హజరత్తయ్యకి మళ్లీ ఫోన్ చెయ్యాలి.