నూట పన్నెండు పొట్లాలు

తాడ్వాయి రేంజి ఆఫీసు వెనుక, బోరింగు కాడ
ఒక బకీటు, టీ జాలి, అరిగిన పండ్ల బ్రష్షు.
రెండేండ్ల సంది ఇదే నా కొలువు:
మానుపిల్లి రాత్రి విడిచిపోయినదాన్ని
పొద్దుగాల ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి
అది ఏం తిన్నదో రాయాలె.

మా అవ్వ అడుగుతది,
డిగ్రీ చదివింది గిందుకేనా బిడ్డా అని.

ప్రశ్న చిన్నదే. కాయితం మీద ఒక్క వరుస.
బెట్టుడుతలు తగ్గుతున్నయి, మానుపిల్లి కారణమా?
సారుకు అవునో కాదో కావాలె
మార్చి ముప్పై ఒకటి లోపల.

బుర్ర కొమురెల్లి
మోకు భుజాన సర్దుకుంటనే తీర్పు చెప్పిండు:
"కాదా మరి? నా లొట్లల కల్లు తాగే దొంగ అది.
కల్లు తాగినంక కూర లేకుంట ఊకుంటదా?"

వట్టం నాగులు నవ్వలేదు.
నల్లమద్ది మీదికి చెయ్యి చూపిండు.
కొమ్మ కొసకు ఆకుల మూట, ఉడుత గూడు.
"గంత కొసకు ఎందుకు కట్టిందో ఎరికేనా?
దాని బరువుకు ఊగుతది గా రెమ్మ.
పిల్లి బరువుకు ఇరుగుతది."
సారు ఒప్పుకోడని తెలుసు,
అయినా రాసుకున్న.

ఒకటో పొట్లం: తునికి గింజలు, పదకొండు.
ఏడు: ఈత గింజలు, ఒక పేడపురుగు రెక్క,
కడుపుల నుంచి వచ్చినంక గూడ నిగనిగ తగ్గలే.
పంతొమ్మిది: ఎలుక పన్ను, బియ్యపు గింజంత.
ముప్పై మూడు: జాతర అయినంక దొరికింది,
అందుల బెల్లం కవరు ముక్క, కొబ్బరి పీచు.
తర్వాత గింజలు, గింజలు, ఒట్టి గింజలు.
నేను కడిగి పారబోసిన చోట
నిరుడు వానలకు తునికి మొలకలు లేచినయి.
వాటికి కాలం లేదు నా ఫారంల.

డెబ్బై ఆరుల మాత్రం
జాలి అడుగున చిన్న ఉండ మిగిలింది.
ఎండకు పెడితే తుప్పురంగు తేలింది.
భూతద్దం కింద పెట్టి చూసేదాక
నేను ఊపిరి పీల్చినట్టు యాదికి లేదు.
బెట్టుడుతే.

మల్ల నూట నాలుగుల ఇంకో చిటికెడు.
గంతే.

రెండంటే ఎక్కువనా, తక్కువనా?
అడవిల ఎన్ని ఉన్నయో తెలిస్తే గద చెప్పేది.
రెండువేలుంటే ఒక మాట, ఇరవయ్యే మిగిలితే ఇంకో మాట.
అయినా వెంట్రుక తిన్నదని చెప్తది,
చంపిందని చెప్పదు.
రోడ్డు వెడల్పు చేసినంక ఈ చెట్టుకు ఆ చెట్టు అందదు;
ఎన్నడు నేల తొక్కని జీవం
పట్టపగలు తారు మీద ఉరుకుతున్నది.
లారీ తొక్కినదాన్ని చీకటి పడ్డంక
పిల్లి వచ్చి ఎత్తుకపోలేదని
ఏ పొట్లం చెప్తది నాకు?

ఆ రాత్రి లెక్కలు ముందటేసుకొని కూసున్న కాని
చిన్నాయన ఐలుమల్లు గుల్లేరు యాదికొచ్చింది.
నాకు తొమ్మిదేండ్లు. ఒక్క రాయి, ఒక్క చప్పుడు.
తోక నాకిచ్చిండు.
దాంతోని బడిల బల్లలు తుడిచి
నెల రోజులు దొరలెక్క తిరిగిన.
కూర రుచి మరిచిన,
మెత్తన మాత్రం అరచేతుల ఉన్నది.
మా ఊరి కడుపులను
ఎవరు జాలిల పోసి కడిగిండ్రు?
ఎవరు నంబరేసి ఎండకు పెట్టిండ్రు?

ఫారం మీద అవును పక్కన డబ్బా, కాదు పక్కన డబ్బా.
రెండూ ఇడిసిపెట్టి
నడుమ సన్నగా రాసిన: నూట పన్నెండుల రెండు.
సారు తల గోక్కుంట సంతకం పెట్టిండు.

పైసలు ఒడిసినయి, పని ఒడిసింది.
తెల్లారి అలవాటుకొద్దీ కల్వర్టు దాక నడిచిన.
గోడ మీద తాజాది, ఇప్పపూల వాసన కొడుతున్నది.
నంబరు లేని దానికోసం వంగి
సంచి మూతి తెరుస్తున్ననో లేదో
నెత్తి మీద బెట్టుడుత
గొంతు చిరిగేటట్టు అరుసుడు మొదలువెట్టింది.

చుట్టూ చూసిన.
పిల్లి లేదు.